చుట్టరికం తెంచుకున్న హంతకుడు

పిచ్చాసుపత్రి ఆవరణ. నేలంతా చదరంగపు గళ్లు. మధ్యలో గొలుసులతో కట్టేసిన ఓ ముసలాయన, మనకు వీపు మాత్రమే కనిపిస్తుంది. నేరాల మీద పాడ్‌కాస్ట్ చేసే ఓ జంట అతన్ని చూడటానికి వచ్చింది. వాళ్లలో మగవాడు సంచీలోంచి పాత తెల్ల మాస్కు తీసి పైకెత్తి, ఏదైనా మాట్లాడమని అరుస్తాడు. చుట్టూ ఉన్న రోగులు కేకలు పెడతారు, కుక్క మొరుగుతుంది. ముసలాయన మాత్రం తల తిప్పడు.

2018 ‘హాలోవీన్’ ఇలా మొదలవుతుంది. ఆ ఏడాది అక్టోబర్ 19న విడుదలై మొదటి మూడు రోజుల్లో ఒక్క ఉత్తర అమెరికాలోనే 7.6 కోట్ల డాలర్లు రాబట్టింది. ప్రపంచవ్యాప్తంగా మొత్తం వసూళ్లు 25 కోట్ల డాలర్ల పైమాటే. హీరోయిన్ జేమీ లీ కర్టిస్‌కి అప్పటికి అరవై ఏళ్లు నిండటానికి నెల తక్కువ. నలభై ఏళ్ల పాత సినిమా పేరే పెట్టుకుని, పక్కన అంకె కూడా వేయకుండా వచ్చిన ఈ సీక్వెల్‌కి అంత ఊపు ఎక్కడిది?

1978కి వెళ్దాం. జాన్ కార్పెంటర్, డెబ్రా హిల్ కలిసి రాసిన తొలి ‘హాలోవీన్’ బడ్జెట్ మూడు లక్షల డాలర్ల పైచిలుకు. ‘ది మెసేజ్’ తీసిన ముస్తఫా అక్కాడ్ ఆ డబ్బు సర్దాడు. కథ ఇల్లినాయ్‌లోని హాడన్‌ఫీల్డ్ అనే ఊహల ఊళ్లోనిది. తీసింది కాలిఫోర్నియాలో, అదీ వసంతకాలంలో. అందుకని శరత్కాలపు ఎండుటాకులకు రంగేసి వీధిలో చల్లడం, షాట్ అవగానే ఏరుకుని దాచుకోవడం! హంతకుడి మాస్కుకి అయిన ఖర్చు రెండు డాలర్లలోపే. అది ‘స్టార్ ట్రెక్’ కెప్టెన్ కర్క్ మాస్కు. కంటి రంధ్రాలు పెద్దవి చేసి, తెల్ల రంగు కొట్టి, జుట్టు రేపారు. సంగీతం కార్పెంటరే కట్టుకున్నాడు. చిన్నప్పుడు నాన్న బోంగోల మీద నేర్పిన అయిదు మాత్రల నడకే ఆ పియానో బాణీకి మూలం.

కథ పిడికెడు. ఆరేళ్ల మైకేల్ మయర్స్ తన అక్కను కత్తితో పొడిచి చంపుతాడు. పదిహేనేళ్ల తర్వాత ఆసుపత్రి నుంచి పారిపోయి ఊరికొచ్చి, లారీ స్ట్రోడ్ అనే అమ్మాయి వెంటపడతాడు. ఎందుకు? సినిమా చెప్పదు. మన దయ్యం సినిమాకి ఫ్లాష్‌బ్యాక్ లేనిదే పొద్దుపోదు. ‘అరుంధతి’లో జేజమ్మ కథ తెలిస్తే గానీ పశుపతి పగ అర్థం కాదు. మైకేల్‌కి పగ లేదు, పూర్వజన్మ లేదు, మాట లేదు. దాంతో ఎవరి గుమ్మం ముందైనా నిలబడగలడు.

సీక్వెల్స్ పోగొట్టింది సరిగ్గా దీన్నే. 1981లో వచ్చిన రెండో భాగంలో లారీ అతని చెల్లెలని తేల్చారు. బీరు తాగుతూ రాసిన మలుపు అదని కార్పెంటరే తర్వాత ఒప్పుకున్నాడు. చెల్లెలనగానే మిగతా ఊరికి అతనితో పేచీ లేకుండా పోయింది. 1982 నాటి మూడో భాగంలో అసలు మైకేలే లేడు. జనం పెదవి విరిస్తే 1988లో మళ్లీ పట్టుకొచ్చారు. ఆపైన మేనకోడలు, శాపం, రహస్య తెగ అంటూ కథ సాగదీశారు. 2002లో లారీని చంపేశారు. 2007లో దర్శకుడు రాబ్ జోంబీ మైకేల్‌కి చెడ్డ ఇల్లు, చెడ్డ బాల్యం అంటగట్టాడు. వెరసి పది సినిమాలు, ఒకదానితో ఒకటి పొసగని మూడు నాలుగు వంశవృక్షాలు.

‘పైనాపిల్ ఎక్స్‌ప్రెస్’ లాంటి కామెడీ తీసిన డేవిడ్ గోర్డన్ గ్రీన్, అందులో నటించిన డానీ మెక్‌బ్రైడ్ కలిసి ఈ పగ్గాలు పట్టుకుంటున్నారనగానే అభిమానులు నొసలు చిట్లించారు. తీరా వాళ్లు చేసిన మొదటి పని 1978 తర్వాతి కథలన్నిటినీ చెరిపేయడం. అన్నాచెల్లెళ్ల సంగతి ఎవరో పుట్టించిన పుకారని ఓ పాత్ర చేత ఒక్క ముక్కలో అనిపించి దులిపేసుకున్నారు. కార్పెంటర్ మళ్లీ సంగీతానికి కూర్చున్నాడు, ఈసారి కొడుకు కోడీని, డేనియల్ డేవిస్‌ని తోడు పెట్టుకుని. తొలి సినిమాలో మాస్కు తొడుక్కున్న నిక్ క్యాజిల్ కాసేపు కనిపించాడు. మిగతా భారమంతా జేమ్స్ జూడ్ కోర్ట్‌నీ మోశాడు. మాస్కు కూడా నలభై ఏళ్లు ముసలిదైంది. రబ్బరు ముడతలు పడింది, మెడ దగ్గర ఆనాడు లారీ అల్లిక సూదితో పొడిచిన చోట చిల్లు అలాగే ఉంది.

సినిమా ప్రాణం పండగ రాత్రి సన్నివేశంలో ఉంది. వేషాలేసుకున్న పిల్లల మధ్య మైకేల్ నడుస్తుంటాడు. ఓ షెడ్‌లో సుత్తి తీసుకుంటాడు, పక్కింటి వంటింట్లోకి దూరి ఒకామెను చంపుతాడు, అక్కడి కత్తి చేతికి తీసుకుంటాడు. ఉయ్యాల్లో పసిబిడ్డ ఏడుస్తుంటే పక్కనుంచి వెళ్లిపోతాడు. కెమెరా కట్ లేనట్టుగా వెంటే తిరుగుతుంది. ఆమెనే ఎందుకు చంపాడు, బిడ్డనెందుకు వదిలాడు? నలభై ఏళ్ల తర్వాత మళ్లీ జవాబు లేని మైకేల్ దొరికాడు.

లారీ అలా కాదు, ఆమెకి గతం బోలెడు. రెండు పెళ్లిళ్లు పెటాకులయ్యాయి, పన్నెండేళ్ల కూతుర్ని ప్రభుత్వం తీసుకుపోయింది, ఇల్లేమో తుపాకులతో కోటలా ఉంటుంది. మేడ మీంచి కిందపడి, మళ్లీ చూసేసరికి మాయమయ్యేది ఈసారి ఆమె. తొలి సినిమాలో ఆ పని మైకేల్‌ది.

మైకేల్‌కి వైద్యం చేసే డాక్టర్ సార్టేన్ మలుపు మాత్రం చాలామందికి మింగుడుపడలేదు. పోలీసును పొడిచేసి, కాసేపు తనే మాస్కు తొడుక్కునే డాక్టర్ మరి! నిజమే, ఆ ఘట్టం నవ్వులాటకి దగ్గరగా ఉంటుంది. కానీ అతను కూడా మైకేల్‌ని మాట్లాడమని బతిమాలినవాడే, బదులుగా అతని కాలి కింద తల చితికి చస్తాడు. అంతకు ముందే పాడ్‌కాస్ట్ జంట పెట్రోల్ బంకు టాయిలెట్‌లో చచ్చింది. అంటే సంజాయిషీ అడిగిన ముగ్గురినీ ఈ సినిమా బతకనివ్వలేదు.

ఆ పట్టుదల తర్వాతి రెండు భాగాల్లో లేదు. 2021 ‘హాలోవీన్ కిల్స్’ ఊరిజనం కోపం మీద ఉపన్యాసాలు దంచింది. 2022 ‘హాలోవీన్ ఎండ్స్’ కోరీ అనే కుర్రాడికి మైకేల్ చెడును అంటురోగంలా ఎక్కించింది. వసూళ్లు దాదాపు 13 కోట్ల డాలర్లకు, ఆపైన 10 కోట్ల చిల్లరకు జారాయి. చివర్లో మైకేల్ మళ్లీ లేవకుండా ఊరంతా చూస్తుండగా అతని శవాన్ని పాత ఇనుము నుజ్జుచేసే యంత్రంలో పడేశారు. ఏడాది తిరగ్గానే, 2023 అక్టోబర్‌లో, ‘హాలోవీన్’ టీవీ హక్కులను మిరామాక్స్ దక్కించుకుంది.