‘ఆర్డినరీ పీపుల్’: కంటికి రెప్పలా కాస్తే సరిపోతుందా?

పొద్దున్నే బల్ల మీద ఫ్రెంచ్ టోస్ట్. ఆకలి లేదంటాడు పదిహేడేళ్ల కుర్రాడు. తల్లి రెండోమాట అడగదు. ప్లేటు తీసి, సింకులో చెత్త రుబ్బే మెషీన్‌లోకి తోసేస్తుంది. తండ్రి మాత్రం తినమని బతిమాలుతూనే ఉంటాడు. 1980లో వచ్చిన ‘ఆర్డినరీ పీపుల్’ సినిమా పేరెత్తితే ముందు గుర్తొచ్చేది ఈ ప్లేటే.

షికాగో దగ్గర లేక్ ఫారెస్ట్‌లో బాగా కలిగిన కుటుంబం. పడవ తిరగబడి పెద్దకొడుకు బక్ నీళ్లలో పోయాడు. పడవను వదలకుండా పట్టుకున్న చిన్నవాడు కాన్రాడ్ బతికాడు. తర్వాత ఆత్మహత్యకు ప్రయత్నించి, నెలల తరబడి ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. ఆ పిల్లాడికి కాపలా తండ్రి కాల్విన్. ఈ కథ గురించీ, ఇలాంటి పిల్లలున్న ఇళ్ల గురించీ జనంలో ఉన్న అపోహలు తక్కువేం కాదు.

అపోహ: ఇది రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ కథ.

ఆయన దర్శకుడు మాత్రమే. కథ జుడిత్ గెస్ట్‌ది. బడిపంతులుగా పనిచేసిన ఆవిడ మొదటి నవల ఇది. రెండు ప్రచురణ సంస్థలు తిప్పి పంపాక, ఏ ఏజెంటూ లేకుండా వైకింగ్ సంస్థకు పోస్టులో పంపారు. అలా అడగకుండా వచ్చిన రాతప్రతిని ఆ సంస్థ అచ్చేసి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. 1976లో నవల వచ్చింది. సినిమాకు నాలుగు ఆస్కార్లు దక్కాయి, ఉత్తమ చిత్రంతో సహా.

అపోహ: ఇందులో విలన్ తల్లి బెత్.

సినిమా చూసి బయటికొచ్చేవాళ్లు ‘అసలు తల్లేనా!’ అనుకోవడం మామూలే. నవల పట్టుకుంటే కథ అంత తేలిగ్గా తెగదు. ఒక అధ్యాయం కొడుకు మనసు నుంచి, మరొకటి తండ్రి మనసు నుంచి నడుస్తాయి. తల్లి లోపల ఏం జరుగుతోందో రచయిత్రి ఒక్కచోటా చూపించలేదు. మనం చూసే బెత్, ఆ ఇద్దరికీ కనిపించిన బెత్ మాత్రమే. ఆమె కూడా కొడుకును పోగొట్టుకుంది. ఇంటిని అద్దంలా ఉంచుకోవడమే ఆమెకు తెలిసిన ఏడుపు.

అపోహ: బడికి వెళ్తున్నాడు, ఆటలాడుతున్నాడు, ఇక కోలుకున్నట్టే.

కాన్రాడ్ బడికి వెళ్తాడు. ఈత జట్టులో చేరతాడు. తండ్రికి ప్రాణం కాస్త కుదుటపడుతుంది. ఒకరోజు తెలిసేదేమిటంటే, వాడు జట్టు వదిలేసి అప్పటికే నెలరోజులైంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తల్లికి బయటివాళ్ల నోట తెలిసింది. కాల్విన్ తప్పంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. ‘బాగున్నావా?’ అని రోజూ అడుగుతాడు, ‘బాగున్నాను’ అనే జవాబు కోసమే అడుగుతాడు. కొడుకేమో తండ్రి కంగారు చూసి నిజం దాస్తాడు. అన్న పోతే తాను మిగలడమే నేరమన్న భావం వాణ్ని లోపల తినేస్తుంటుంది. దాన్ని బయటికి లాగింది బెర్గర్ అనే మానసిక వైద్యుడు. ఒక్కరోజులో కాదు, నెలలు పట్టింది. తర్వాత కాల్విన్ కూడా అదే డాక్టరు ముందు తన గోడు చెప్పుకుంటాడు. నవల రాసేనాటికి మనసుకు తగిలే ఇలాంటి గాయాలకు పీటీఎస్‌డీ అనే పేరు అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో లేదు. అది చేరింది 1980లో, సరిగ్గా సినిమా వచ్చిన ఏడాది.

అపోహ: చావు ఆలోచన గురించి అడిగితే, లేని ఆలోచన మనమే పుట్టించినట్టు.

కన్నవాళ్ల నోళ్లు కట్టేసే భయం ఇదే. దీన్ని పరీక్షించి చూశారు కూడా. న్యూయార్క్ రాష్ట్రంలో 2,342 మంది హైస్కూల్ పిల్లలతో చేసిన అధ్యయనం 2005లో అచ్చయింది. సగం మందిని ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడిగారు, సగం మందిని అడగలేదు. రెండు రోజుల తర్వాత చూస్తే, అడిగినవాళ్లలో ఆ ఆలోచనలు పెరగలేదు. అంతకుముందే కుంగి ఉన్నవాళ్లకు అడగడం వల్ల హాని జరగలేదు సరికదా, కాస్త ఊరటే కనిపించింది. గుచ్చిగుచ్చి అడగాలని కాదు. తీర్పులు చెప్పకుండా, సూటిగా అడిగి, చెప్పింది వినాలి. డాక్టరును కలిసేదాకా పిల్లాణ్ని ఒంటరిగా వదలకూడదు.

అపోహ: డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పరువు పోతుంది, పోలీసు కేసవుతుంది.

పరువు భయం మన ఊళ్ల సొత్తే కాదు. ఒక పార్టీలో కాల్విన్ నోరుజారి, కొడుకు మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తున్నాడని చెప్పేస్తాడు. దారిలో బెత్ నిలదీస్తుంది. ఇంటిగుట్టు పదిమందిలో పెట్టాడని ఆమె బాధ. ఇక కేసు మాటకొస్తే, మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే ముందుగా భావించాలి. శిక్ష కాదు, వైద్యం అందేలా చూడటం ప్రభుత్వ బాధ్యత. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ కూడా 2024 జులై 1తో చరిత్రలో కలిసిపోయింది.

ఇంట్లో పిల్లల తీరు చూసి మీకు గుబులుగా ఉంటే, టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే కాదు, వాళ్లను కాచుకుని అలసిపోయిన అమ్మానాన్నలూ చేయొచ్చు.