కొండదారిలో తడబడు పాత కారు

తిరుపతి వీథులలో చక్కగా నడచిన ఆంబాసిడరు అలిపిరి దాటగనే తన బలహీనతను బయటపెట్టును. రెండు మలుపులు తిరిగిన పిమ్మట ఒక్కసారి వెనుకాడి, కుదిపి, మరల అందుకొనును. వెనుక నిండు బస్సు, కారులో పిల్లలు. అచ్చట ఇంజను ఆగినచో మనకు కలుగు గాభరా శ్రోతలకు చెప్పనక్కరలేదు. 1974లో ఏర్పడి, నేడు ఎక్కుటకు వాడుచున్న ఆ రెండవ ఘాటురోడ్డున కారు సుమారు 700 మీటర్ల ఎత్తు ఎక్కవలెను. చదునునేలపై కానరాని లోపము అందుచేతనే ఇచ్చట తెలియవచ్చును.

మొదట తడబడునది ఇంజనా, క్లచ్చియా తేల్చుకొనవలెను. ఎక్సిలరేటరు నొక్కగా ఇంజను చప్పుడు పెరిగియు బండి వేగము పెరగనిచో క్లచ్చి జారుచున్నదన్నమాట. అప్పుడు కార్బురేటరు విప్పి ప్రయోజనము లేదు. చప్పుడే పడిపోయినచో ముందు క్రింది గేరుకు మారి చూడవలెను. పై గేరులో బలవంతముగ ఎక్కించుట వలన కూడ ఇట్టి కుదుపే కలుగును. గేరు మార్చినను మానని తడబాటే ఇంజనుది.

మా పాత బండికి ఒక మెకానిక్కు ప్లగ్గులు, కాయిలు మార్చెను. వారము తిరుగకుండ మరల దారిలో ఆగితిమి. పెట్రోలు టాంకు మూత విప్పగనే ఉస్సుమని గాలి లోనికి పోయెను! మూతలోని సన్నని రంధ్రము దుమ్ముతో పూడిపోగా, పెట్రోలు తగ్గినకొలది టాంకులోనికి గాలి చేరక, పంపు పెట్రోలును లాగలేకపోయినది. ఒక గుండుసూదితో ఆ జబ్బు కుదిరెను. కాయిలు ఖరీదు మాత్రము అడుగవలదు.

మూత బాగున్నచో పెట్రోలు గొట్టములను, పంపులోని డయాఫ్రమును చూడవలెను. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు 20 శాతమునకు చేరినది. పాత రబ్బరును అది చెరచును. పైగా ఇథనాలులోనే ఆక్సిజను కలదు గనుక, పాత కార్బురేటరు కూర్పులో మిశ్రమము పలుచనై, కాలు నొక్కిన క్షణమున ఇంజను వెనుకాడును.

వేడెక్కి ఆగి, పావుగంటకు తిరిగి నడచు బండి మరింత మోసకారి. గొట్టములో పెట్రోలు ఆవిరియై అడ్డుపడవచ్చును; కాయిలో, కండెన్సరో వేడికి చెడవచ్చును. ఆగిన వెంటనే ప్లగ్గు విప్పి చూడవలెను. పొడిగా ఉన్నచో పెట్రోలు అందలేదు. తడిసి ఉన్నచో నిప్పురవ్వను అనుమానింపవలెను.

ఈ పరీక్షలు కొండ యెక్కకమునుపే, క్రిందనే చేయించుట మేలు. దారిలో తప్పనిసరియైనచో బండిని పక్కకు తీసి, మొదటి గేరులో ఉంచి, హాండు బ్రేకు లాగి, వెనుక చక్రమునకు పెద్దరాయి అడ్డము పెట్టిన తరువాతనే బానెట్టు ఎత్తవలెను.