గాజుతొట్టిలోని నీరు

నేరేడుచర్ల సూర్యాపేట జిల్లాలో మిర్యాలగూడకును హుజూర్‌నగరునకును నడుమ నున్న పట్టణము. నాగార్జునసాగరు కాలువలకు 1967లో నీరు విడిచిరి. అటుపిమ్మట ఎడమకాలువ క్రింది యీ సీమ క్రమముగా వరిపైరులకు పేరొందినది. ఇచటి బాలబాలికలకు చేప చోద్యము కాదు. చెరువులో కొరమీనును, పిల్లకాలువలో చిరుచేపలను చూచుచునే వారు పెరుగుదురు. ఇంటి ముందుగదిలో గాజుతొట్టి నుంచి, అందు బంగారుచేపలను, గప్పీలను పెంచు వేడుక మాత్రము క్రొత్తది. చూచుట కది యెంత ముచ్చటగ నుండునో, నిలుపుకొనుట యంత కష్టము.

సాధారణముగా జరుగునది యిది. చేపలు చిన్నవిగా నున్నవని, తొట్టి వెలితిగ నున్నదని పది చేపలు తెత్తురు. మరునాడు మరి నాలుగు చేర్తురు. కొన్నిదినములు అంతయు బాగుగనే యుండును. వేసవిలో నొక రాత్రి విద్యుత్తు పోవును. గాలిబుడగలను పంపు యంత్రము ఆగును. తెల్లవారునప్పటికి చేపలు వెల్లకిల తేలియుండును. దుకాణదారుడు జబ్బుచేపల నిచ్చెనని కొందరు, దిష్టి తగిలెనని కొందరు అనుకొందురు. నీరు తేటగనే యుండెనే యని అందరును ఆశ్చర్యపడుదురు. చేపను చంపునవి కంటికి కనబడవు గనుక నీటి తేటను చూచి దాని మంచిని నిర్ణయింపరాదు.

మొట్టమొదట కొరవడునది ప్రాణవాయువు. చేప మొప్పల ద్వారా నీటిలో కరగియున్న ప్రాణవాయువును గ్రహించును. లీటరు గాలిలో నుండు ప్రాణవాయువుతో పోల్చినచో లీటరు నీటిలో నుండునది అత్యల్పము. ముప్పదవ వంతు కూడ లేదు. నీరు 25 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో నున్నప్పుడు లీటరునకు సుమారు 8 మిల్లీగ్రాములు కరగియుండును. 35 డిగ్రీలకు వచ్చునప్పటికి అది 7 మిల్లీగ్రాములకు తగ్గును. వేడి పెరిగినకొలది చేప శరీరమునకు కావలసిన ప్రాణవాయువు మాత్రము హెచ్చును. రాబడి తగ్గి వ్యయము పెరిగిన సంసారము వంటి దీ స్థితి. మే నెలలో నేరేడుచర్ల ప్రాంతమున పగటి యెండ 40 డిగ్రీలను దాటుట సామాన్యము. ఆ గదిలోని తొట్టినీరు ఎంత వెచ్చబడునో ఊహింపవచ్చును.

ప్రాణవాయువు నీటిలోనికి ప్రవేశించునది ప్రధానముగా పైభాగము నుండియే. కావున తొట్టి యెంత లోతైన దనుటకంటె నీటి పైతలము ఎంత విశాలమైన దనునదియే ముఖ్యము. అంగళ్లలో నమ్ము గుండ్రని గాజుబుడ్డిని మెడవరకు నింపినచో గాలికి తగులు నీరు పిడికెడు కూడ నుండదు. అదే నీటిని పశువులు త్రాగు గోలెములో పోసినచో ఎక్కువ చేపలు సుఖముగ బ్రదుకును. గాజుబుడ్డి చూపరుల కొరకు చేసినది కాని, చేపల కొరకు చేసినది కాదు.

తొట్టిలో నాచుమొక్కలున్నచో భయము లేదని కొందరి నమ్మకము. పగలు వెలుతురులో మొక్కలు ప్రాణవాయువును విడుచుట నిజమే. రాత్రివేళ అవియు చేపలవలెనే దానిని పీల్చును. అందుచేత తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగ నుండును. కృష్ణా, గోదావరి జిల్లాల చేపల చెరువుల రైతు లీ సంగతి బాగుగ నెరుగుదురు. మబ్బుపట్టిన దినముల తరువాత వేకువన చెరువుగట్టునకు పోయి, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుచున్నవా యని చూచి, నీటిని చిలుకు చక్రయంత్రములను నడిపింతురు. ఇంటిలోని గాజుతొట్టికిని ఇదే పరీక్ష. చేపలన్నియు నీటిపైకి చేరి నోళ్లు ఆడించుచున్నచో అవి ఆకలిగొనలేదు, ఊపిరాడక అల్లాడుచున్నవి. అట్టి సమయమున మేత వేయుట అపకారమే.

అన్ని చేపలకును ఈ నియమ మొక్కటే కాదు. తెలంగాణ రాష్ట్రచేపయైన కొరమీను గాలిని కూడ పీల్చగలదు. అందుకే ఎండుచున్న చెరువు బురదలోను కొంతకాలము ప్రాణము నిలుపుకొనును. అంగళ్లలో చిన్న సీసాలలో నుంచి అమ్ము ఫైటరుచేపయు అట్టిదే. అది సీసాలో బ్రదికెను గదా యని బంగారుచేపను సీసాలో నుంచినచో అది బ్రదుకదు.

రెండవ శత్రువు అమ్మోనియా. మేతలోని మాంసకృత్తులు జీర్ణమైన పిమ్మట మిగిలిన నత్రజనిని చేప అమ్మోనియా రూపమున మొప్పలనుండి విడుచును. తినక మిగిలిన మేత క్రుళ్లినప్పుడును అదియే పుట్టును. వరిపొలమునకు యూరియా చల్లు రైతుబిడ్డకు ఈ పదార్థము పరాయిది కాదు. యూరియా మడిలో కరగి అమ్మోనియాగ మారి పైరునకు ఆహారమగుచున్నది. ఎకరముల పొలములో ఎరువైనది గాజుతొట్టిలోని కొలది నీటిలో విషమగును. నీటి క్షారగుణము పెరిగినకొలది ఆ విషము తీవ్రమగును. క్షారగుణమును పి.హెచ్. అను అంకెతో కొలుతురు. 25 డిగ్రీల నీటిలో ఆ అంకె 7 నుండి 8కి పెరిగినచో, ఉన్న అమ్మోనియాలో చేపకు హానిచేయు భాగము దాదాపు తొమ్మిదిరెట్లగును. పాత్రల అడుగున తెల్లని పొర కట్టు బోరునీరు తరచుగా క్షారగుణము గలదియే. అట్టి నీటిని వాడు ఇండ్లలో చేపలను మరింత తక్కువగ నుంచవలయును.

ఈ విషమును విరుచు సూక్ష్మజీవులు ప్రకృతిలోనే యున్నవి. వానిలో కొన్ని అమ్మోనియాను నైట్రైటుగను, మరికొన్ని నైట్రైటును నైట్రేటుగను మార్చును. రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున మట్టిలోని యిట్టి జీవులను వేరుచేసి వాని పనిని నిరూపించెను. నైట్రైటు కూడ చేప రక్తమును చెరచునదే. నైట్రేటు అంత హానికరము కాదు; దానిని మొక్కలు తినును, మనము నీరు మార్చి తొలగింపవచ్చును. క్రొత్తతొట్టిలో ఈ జీవులు తగినంతగ పెరుగుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. మొదటి దినముననే పదునాలుగు చేపలను వేసినచో వడ్డించువారు లేని విందువలె నుండును. ఒకటి రెండు చేపలతో ఆరంభించి, వారముల వ్యవధి నిచ్చుచు చేర్చుకొనుటయే మేలు.

ఎన్ని చేపలు తగును? 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టిలో లెక్కకు 54 లీటర్లు పట్టును. గులకరాళ్లు, పైన విడిచిన ఖాళీ పోగా నిజముగ నుండునది సుమారు 45. చేప పొడవు సెంటీమీటరునకు రెండు లీటర్ల నీరుండవలెనని యొక మోటులెక్క కలదు. ఆ ప్రకారము మూడు సెంటీమీటర్ల గప్పీలు ఏడు పట్టును. పెద్దచేపల విషయమున ఈ లెక్క చెల్లదు. చేప పొడవు రెట్టింపైనచో బరువు ఎనిమిదిరెట్లగును; తిండియు, మలినమును తదనుగుణముగనే పెరుగును. బంగారుచేప జానెడు పొడవు వరకు పెరుగును, పదియేండ్లకు పైగా జీవింపగలదు. పెరిగిన చేప ఒక్కదానికే ఈ తొట్టి యిరుకు. తొట్టిని బట్టి చేప పెరుగునను మాటలో నున్న సత్య మొక్కటే: చెడునీటిలో అది గిడసబారును.

గప్పీలది వేరొక చిక్కు. ఇవి గ్రుడ్లు పెట్టవు, పిల్లలనే కనును. నెలకొక ఈత, ఈతకు ఇరువది ముప్పది పిల్లలు. మగచేపను తీసివేసినను ఆడచేప తన శరీరమున దాచుకొన్న బీజముతో కొన్ని నెలలు పిల్లలను కనుచునే యుండును. కొన్నది నాలుగైనను, ఏడాది తిరుగకమునుపే తొట్టి క్రిక్కిరిసిపోవును.

నీరు మార్చుటలోను పొరపాట్లు కలవు. తొట్టినంతయు ఒంపి, రాళ్లను సబ్బుతో తోమి, మరల నింపుట శుభ్రతవలె తోచును. కాని రాళ్లకును ఫిల్టరునకును అంటియుండు మేలుచేయు సూక్ష్మజీవులు దానితో నశించును. వారమున కొకమారు నాలుగవ వంతు నీటిని తీసి, ఆ తీసిన నీటిలోనే ఫిల్టరు దూదిని పిండి, మంచినీరు పోయవలయును. ఆవిరియైన మేరకు నీరు పోయుచున్నాము గదా యనుట చాలదు. ఆవిరిగ పోవునది నీరు మాత్రమే. లవణములును, నైట్రేటును తొట్టిలోనే పేరుకొనును. కుళాయినీటిలో క్రిములను చంపుటకు కలిపిన క్లోరిన్ చేపల మొప్పలను గాయపరచును. ఆ నీటిని వెడల్పైన పాత్రలో ఒక దినము మూతలేక యుంచిన పిమ్మట పోయుట మంచిది. కాలువనీటిలో క్లోరిన్ లేకున్నను, పొలములనుండి దిగివచ్చు నీటితో పురుగుమందులు కలిసియుండవచ్చును.

తొట్టిలో చేపలు మించిపోయినప్పుడు అదనపు వానిని దుకాణమున కిచ్చుటయో, వేరొక తొట్టి కలవారి కిచ్చుటయో చేయవలయును. చెరువులోనో కాలువలోనో విడుచుట దయవలె కనబడును గాని, దాని ఫలితము వేరు. గాజుమీది పాచిని నాకి శుభ్రపరచునని సక్కరుచేప పిల్లలను అమ్ముదురు. వ్రేలెడు పొడవున్న ఆ పిల్ల అడుగుకు మించి పెరుగును. అప్పుడు ఇంటివారు దానిని సమీపపు నీటిలో విడుతురు. దక్షిణ అమెరికాలో పుట్టిన యీ జాతి తెలుగునాట చెరువులలోను, కృష్ణానదిలోను వ్యాపించినది. దాని దేహము గరుకు పలకలతోను, ముండ్లతోను నిండియుండును. వలలో చిక్కినప్పుడు జాలరి చేపను విడిపింపలేక వలనే కోయవలసివచ్చును. అంగడికి తెచ్చినను దానిని కొనువారుండరు.