కార్ నికోబార్ క్రైస్తవ సంఘ చరిత్ర: నాలుగు మలుపులు

చరిత్రలో జరిగిన ప్రతి సంఘటననూ మలుపు అనలేము. ఒక సంఘటన తరువాత ప్రజల జీవితం మునుపటిలా లేకపోతే, దానిని మలుపు అంటాము. ఈ భాగంలో కార్ నికోబార్ దీవిలో క్రైస్తవ సంఘం ఎలా వేళ్లూనుకుందో తెలుసుకుంటారు. చదువుతున్నప్పుడు ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి: మొదట విఫలమైన ప్రయత్నం తరువాత ఎందుకు ఫలించింది?

విఫలమైన తొలి ప్రయత్నం

18వ శతాబ్దంలో నికోబార్ దీవులు తమవని డెన్మార్క్ ప్రకటించుకుంది. 1768లో మొరేవియన్ మిషనరీలు నాన్‌కౌరీ దీవికి వచ్చారు. జ్వరాలతో వారిలో అనేకమంది చనిపోయారు. 1787లో ఆ ప్రయత్నం ఆగిపోయింది. అక్కడ సంఘం నిలవలేదు.

మొదటి మలుపు: బడి

19వ శతాబ్దం చివరలో వేదప్పన్ సాలమన్ అనే ఆంగ్లికన్ ఉపదేశి కార్ నికోబార్‌లో పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన శిష్యులలో జాన్ రిచర్డ్‌సన్ అనే నికోబారీ బాలుడు ఒకరు. రిచర్డ్‌సన్ బర్మాలోని మాండలేలో చదువుకొని, తిరిగి వచ్చి తన దీవిలోనే ఉపాధ్యాయుడయ్యారు.

రెండవ మలుపు: సొంత భాష

కొత్త నిబంధనను నికోబారీ భాషలోకి తేవడంలో రిచర్డ్‌సన్ ప్రధాన పాత్ర వహించారు. పరాయి భాషలో విన్న బోధను ప్రజలు ఇంటి మాటలలో వినగలిగారు. ఆ భాషకు చదవడం, రాయడం కూడా అలవాటయ్యాయి.

మూడవ మలుపు: యుద్ధకాలం

1942 నుండి 1945 వరకు ఈ దీవులు జపాన్ సైన్యం ఆధీనంలో ఉన్నాయి. గూఢచారులన్న అనుమానంతో పలువురు నికోబారీలను చంపారు. రిచర్డ్‌సన్ కూడా నిర్బంధానికి గురయ్యారు. అయినా ఆయన తన ప్రజలను విడిచిపెట్టలేదు. యుద్ధం ముగిసిన కొద్ది సంవత్సరాలలోనే కార్ నికోబార్ ప్రజలలో అత్యధికులు క్రైస్తవులయ్యారు. నికోబారీలు తుహెత్ అనే ఉమ్మడి కుటుంబాలుగా జీవిస్తారు. ముఖ్యమైన విషయాలను కలిసి నిర్ణయించుకోవడం వారి ఆచారం. మార్పు త్వరగా వ్యాపించడానికి ఇదొక కారణం.

నాల్గవ మలుపు: సొంత నాయకత్వం

1950లో రిచర్డ్‌సన్ బిషప్ అయ్యారు. 1952లో ఏర్పడిన తొలి లోక్‌సభకు ఆయనను రాష్ట్రపతి నామినేట్ చేశారు. మన తెలుగు ప్రాంతంలోనూ ఇటువంటి ఉదాహరణ ఉంది. 1912లో దోర్నకల్‌కు బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్.

2004 డిసెంబరు 26 ఆదివారం, క్రిస్మస్ మరునాడు, సునామీ కార్ నికోబార్ తీర గ్రామాలను ముంచెత్తింది. ఎందరో మరణించారు. చర్చి భవనాలు కూలిపోయాయి. బతికినవారు దీవి లోపలి భాగంలో కొత్త ఇళ్లు కట్టుకున్నారు. కొత్త చర్చిలు కూడా లేచాయి. సంఘం అంటే భవనం కాదు, మనుషులేనని దీనివల్ల మీకు అర్థమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మొరేవియన్ మిషనరీల ప్రయత్నం ఎందుకు ఆగిపోయింది?
2. బడి, భాష, నాయకత్వం: ఈ మూడింటిలో మీ దృష్టిలో ఏది ముఖ్యమైన మలుపు? కారణం రాయండి.
3. మీ ఊరిలోని గుడి, మసీదు లేదా చర్చి చరిత్రను పెద్దలను అడిగి తెలుసుకోండి. అందులో ఒక మలుపును ఐదు వాక్యాలలో రాయండి.