రాగిని పట్టించే ‘మారిన రాయి’

రాగి గని అనగానే ఎర్రగా మెరిసే లోహం గుర్తుకొస్తుంది. వాస్తవానికి ప్రపంచ రాగి ఉత్పత్తిలో సగానికి పైగా సమకూర్చే పార్ఫిరీ నిక్షేపాల్లో టన్ను రాతికి పది కిలోల రాగి దొరకడం కూడా అరుదే. భూగర్భంలో దాగిన అంత స్వల్ప లోహం జాడను శాస్త్రవేత్తలకు ముందుగా తెలిపేది రాగి కాదు, దాని చుట్టూ రూపం మార్చుకున్న రాయి.

వేడినీటి ప్రభావం

భూగర్భంలో శిలాద్రవం చల్లబడి గ్రానైట్ వంటి అగ్నిశిలగా గట్టిపడేటప్పుడు అందులోని నీరు లవణాలను, గంధకాన్ని, లోహాలను వెంట తీసుకుని వేరుపడుతుంది. తీవ్రమైన వేడి, ఒత్తిడి గల ఆ నీరు పగుళ్లలోకి చొరబడి రాతిలోని పాత ఖనిజాలను కొత్తవిగా మారుస్తుంది. దీనినే ఉష్ణజల పరివర్తన అంటారు. నీరు చల్లారే కొద్దీ రాగి, ఇనుము గంధకంతో కలిసి చాల్కోపైరైట్‌గా పేరుకుంటాయి.

పొరలు పొరలుగా...

ఈ మార్పులు ఉల్లిపొరల వలె వరుసగా ఉంటాయి. నడుమ గులాబీ రంగు పొటాష్ ఫెల్డ్‌స్పార్, నల్ల అభ్రకం. దాని చుట్టూ సన్నని తెల్ల అభ్రకం, పలుగురాయి, పైరైట్. వెలుపల ఆకుపచ్చని క్లోరైట్, ఎపిడోట్ కనిపిస్తాయి. మొదటి రెండు పొరలు కలిసే చోటనే సాధారణంగా రాగి అధికం. పైరైట్ నేలపై తుప్పుపట్టి ఎర్రని మరకలను మిగులుస్తుంది.

సగం గని చెప్పిన రహస్యం

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో గల సాన్ మాన్యుయెల్ గనిలో ఈ పొరలు పూర్తి వలయంగా కాక సగమే ఉన్నట్లు డేవిడ్ లోవెల్ అనే భూవిజ్ఞాని గమనించారు. భ్రంశం వెంట నేల జారి, మిగిలిన సగం వేరొకచోట పాతుకుపోయి ఉండాలని ఆయన ఊహించారు. 1965లో ఆరంభమైన బోర్లలో రెండు వేల అడుగులకు పైగా లోతున ఆ సగం బయటపడింది. అదే కాలమజూ నిక్షేపం. లోవెల్, జాన్ గిల్బర్ట్ 1970లో ప్రచురించిన పొరల నమూనా నేటికీ అన్వేషకులకు మార్గదర్శి.

మన దేశంలో...

మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ జిల్లా మలాజ్‌ఖండ్‌లో గ్రానైట్‌ను ఆనుకున్న పలుగురాతి దిబ్బలో రాగి ఉంది. అక్కడా రాయి మారిన ఆనవాళ్లు ఉన్నా, అది అసలైన పార్ఫిరీ నిక్షేపమా అన్న చర్చ ఉంది. పల్నాడు జిల్లా అగ్నిగుండాల రాగి, సీసం నిక్షేపాలు మాత్రం అవక్షేప శిలల్లోనివి. అందువల్ల అక్కడ ఈ వలయాల సూత్రం యథాతథంగా వర్తించదు.

పచ్చని రాయి కనిపించిన ప్రతిచోటా రాగి ఉండదు. క్లోరైట్ సాధారణ రూపాంతర శిలల్లోనూ ఏర్పడుతుంది. మారిన రాయి ఎక్కడ తవ్వాలో సూచిస్తుంది, తుది నిర్ణయం మాత్రం బోరులో లభించిన రాతిదే. ఒక్కో లోతైన బోరుకు భారీగా వ్యయమవుతుంది కనుక సరైన చోటును చూపే ఆ సూచన విలువ తక్కువేమీ కాదు.