కంఠస్థమైన మాట, కైవసమైన మాట

విదేశములలో ఉన్నతవిద్య నభ్యసింపగోరు తెలుగు విద్యార్థులలో అనేకులు ఐఈఎల్‌టీఎస్ అను ఆంగ్లభాషా పరీక్షకు కూర్చుండుచున్నారు. పరీక్ష యనగనే వారి చేతికి మొదట వచ్చునది పదముల పట్టిక: ఎడమ ప్రక్క ఆంగ్లపదము, కుడి ప్రక్క తెలుగర్థము. దినమునకు ఏబది మాటల చొప్పున వల్లించినచో విజయము కరతలామలకమని విద్యార్థి నమ్మును. తీరా పరీక్షనాడు ఆ మాటలలో అనేకములు స్ఫురింపవు. స్ఫురించినవి వాక్యములో ఇమడవు. తలిదండ్రులు అప్పుచేసి కట్టిన రుసుమును, బిడ్డ జీవితములో ఒక వత్సరమును వ్యర్థమగును. లోపము శ్రమలో లేదు, మార్గములో నున్నది.

ఈ పరీక్షలో వినుట, చదువుట, వ్రాయుట, మాటలాడుట అని నాలుగు భాగములు కలవు. వ్రాతకును సంభాషణకును వేర్వేరుగ నాలుగేసి గుణములను పరిశీలించి మార్కులు వేయుదురు. ఆ నాల్గింటిలో పదసంపద యొకటి. పదసంపద యనగా అరుదైన మాటల ప్రదర్శనము కాదు. మాట భావమునకు తగినదా, పొరుగు మాటతో పొసగినదా, సందర్భమునకు ఉచితమా అని పరీక్షకుడు చూచును. ఔచిత్యమని మన ఆలంకారికులు విచారించినది ఇట్టి గుణమునే.

మరి యే మాటలు నేర్వవలెను? ఈ ప్రశ్నకు భాషావేత్తలు లెక్కకట్టి సమాధానము చెప్పిరి. డాకాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసి, వంగదేశపు బాలుర ఆంగ్లపఠనమును పరిశీలించిన మైకేల్ వెస్ట్ 1953లో సుమారు 2,000 సామాన్యపదముల పట్టికను ప్రకటించెను. న్యూజీలాండు విదుషి ఏవరిల్ కాక్స్‌హెడ్ సుమారు 35 లక్షల మాటల విద్యావిషయక రచనలను పరిశీలించి, 2000 సంవత్సరములో 570 పదకుటుంబముల పట్టికను వెలువరించెను. ఆమె లెక్క ప్రకారము అట్టి రచనలలో ప్రతి నూరు మాటలలో సుమారు 76 వెస్ట్ పట్టికలోనివి, 10 ఆమె పట్టికలోనివి. ఆ తొలి రెండు వేల మాటలపై పట్టు లేక, నిఘంటువు మూలలందలి పదములకై పరుగిడుట పునాది లేక గోపురమెత్తుట వంటిది.

పదమును కుటుంబముతో సహా పట్టుకొనుట తెలుగు ఉపాధ్యాయునకు వెన్నతో పెట్టిన విద్య. 'హృ' ధాతువునకు ఉపసర్గలు చేర్చి ఆహారము, విహారము, సంహారము, పరిహారము అని ఆయన తరగతిలో చెప్పుచునే యుండును. లాటిను భాషలో మోయుట యను అర్థముగల ధాతువునుండి ఆంగ్లమునకు 'పోర్ట్' అను అంగము వచ్చినది. ముందు చేరిన ఉపసర్గనుబట్టి లోనికి తెచ్చుట ఇంపోర్ట్, వెలికి పంపుట ఎక్స్‌పోర్ట్, ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చుట ట్రాన్స్‌పోర్ట్, వార్తను మోసికొని వచ్చుట రిపోర్ట్ అయినవి. నాలుగు మాటలను నాలుగు మూటలుగ మోయ నక్కరలేదు. వేరు దొరికినచో కొమ్మలు వెంటవచ్చును.

మాటకు కుటుంబమే కాదు, సాంగత్యమును కలదు. తెలుగులో ఎండ కాయును, వెన్నెల కాయును. వాన కాసినదని మాత్రము ఎవరు ననరు. అట్లే ఆంగ్లమున టీ 'స్ట్రాంగ్', గాలియు 'స్ట్రాంగ్'. వాన మాత్రము 'హెవీ'. పట్టిక ఈ మర్మమును చెప్పదు, వాక్యము చెప్పును. కావున విద్యార్థి పదమును ఒంటరిగ గాక, అది కనబడిన వాక్యముతో సహా వ్రాసికొనవలెను. తెలుగులో కలసిపోయిన ఆంగ్లపదముల విషయమున మరింత జాగ్రత్త యవసరము. కరెంటు అనగా విద్యుత్తని తెలుగింట పసివానికిని తెలియును. ఆంగ్లమున ఆ మాటకే ప్రవాహమనియు, ప్రస్తుతమనియు అర్థములు కలవు. తెలిసిన మాటయే కదా యను ధీమాతో చదువరి వాక్యార్థమును పోగొట్టుకొనును.

ఇక జ్ఞాపకము సంగతి. జర్మను మనోవిజ్ఞాని హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరకూటములను తానే వల్లించి, మరపు తొలి గంటలలోనే మిక్కిలి వేగముగ పనిచేయునని 1885లో చూపెను. ఒక్క రాత్రి ఇరువది మారులు చదువుటకంటె, కొన్ని దినముల యెడము విడిచి మరల మరల చూచుట మేలని తరువాతి పరిశోధనలు నిరూపించినవి. మన పూర్వులు అమరకోశమును కంఠస్థము చేయలేదా యని యెవరైన అడుగవచ్చును. చేసిరి. కాని అమరము చిల్లర మాటల రాశి కాదు. పదములను వర్గములుగ కూర్చి ఛందస్సులో బిగించిన గ్రంథము. అంతేకాక, అమరము వల్లించిన బాలుడు పిదప కావ్యపఠనమునకు పోయెడివాడు. వల్లించిన పదము అచట మరల మరల ఎదురయ్యెడిది. నేటి విద్యార్థి అమరమును అనుకరించినాడు, కావ్యమును వదలినాడు.

మరియొక చిక్కు కలదు. పట్టికలో అబ్‌స్ట్రాక్ట్ అను మాట కెదురుగ అమూర్తము అని యుండును. అమూర్తమనగా నేమో విద్యార్థికి తెలియదు. తెలియని మాటకు తెలియని మాట అర్థమైనది! న్యాయము, స్నేహము వలె కంటికి కనబడక మనస్సునకు మాత్రమే అందునది అని తెలుగు పాఠములో గ్రహించిన బాలునకు ఆంగ్లపదము ఒక క్రొత్త పేరు మాత్రమే. గ్రహింపనివానికి అది వట్టి చప్పుడు. పరీక్షలో 250 మాటలకు తక్కువగాకుండ వ్యాసము వ్రాయవలసినప్పుడు చప్పుళ్లు ఉపకరింపవు. ఆంగ్లము రావలెనని తెలుగు తరగతిని తగ్గించు పాఠశాలలు తాము కూర్చున్న కొమ్మనే నరుకుచున్నవి.

ఉపాధ్యాయులు చేయదగినది కష్టమైనది కాదు. దినమునకు ఏబది మాటలు వలదు, ఐదు చాలును. ఒక ఆంగ్ల వ్యాసము చదివించి అందుండి ఆ యైదింటిని ఏరించవలెను. అర్థమును విద్యార్థి సొంత తెలుగులో చెప్పించవలెను. మరునాడు వానితో ఐదు వాక్యములు వ్రాయించవలెను. వారము గడచిన పిమ్మట మరల అడుగవలెను. పట్టికలోని మాట పరీక్షవరకైన నిలుచునో లేదో. ఇట్లు నేర్చిన మాట పరీక్ష ముగిసిన పిమ్మట, పరదేశపు తరగతి గదిలో గూడ పిలిచిన పలుకును.