జననాంగ హెర్పిస్ : దంపతులు తెలుసుకోవలసిన సంగతులు

షుగరు, బి.పి.ల గురించి రాసినప్పుడు ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఈ జబ్బు గురించి సంఘ కుటుంబాలు చదివే పత్రికలో రాయవచ్చునా అని మాలో మాకే కొంత చర్చ జరిగింది. అయినా రాస్తున్నాము. హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులలో పనిచేసే యువతీ యువకులు, కొత్తగా పెళ్ళయిన దంపతులు ఒక ల్యాబ్ రిపోర్టు చేతబట్టుకొని మా ఓ.పి.కి వస్తున్నారు. అందులో 'హెర్పిస్' అని ఉంటుంది. అప్పటికే రాత్రంతా ఇంటర్నెట్‌లో చదివి, "ఎక్కడికి వెళ్ళి వచ్చావు?" అని ఒకరినొకరు నిలదీసుకొని ఉంటారు. కొన్ని ఇళ్ళలో అమ్మాయి పుట్టింటికి వెళ్ళిపోవడం కూడా జరిగిపోతుంది.

హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ వల్ల ఈ జబ్బు వస్తుంది. ఇందులో రెండు రకాలున్నాయి. జ్వరం తగ్గాక పెదవి అంచున నీటి పొక్కులు వస్తే "మూతి పేలింది" అంటామే, అది చాలావరకు మొదటి రకం చేసే పని. ఎక్కువమందికి ఇది చిన్నతనంలోనే, ఇంట్లోవారు ముద్దు పెట్టుకున్నప్పుడు సోకుతుంది. రెండవ రకం లైంగిక సంబంధం వల్ల సోకుతుంది. అయితే మూతి మీద ఉన్న మొదటి రకం కూడా నోటి ద్వారా జననాంగాలకు చేరగలదు. 15 నుండి 49 సంవత్సరాల వయసువారిలో దాదాపు 84 కోట్ల 60 లక్షల మందికి, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా, జననాంగ హెర్పిస్ ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో అంచనా వేసింది. ఇందులో అన్ని రకాలవారూ ఉన్నారు.

మరొక మాట. సర్పిని కూడా డాక్టర్లు 'హెర్పిస్ జోస్టర్' అని రాస్తారు. అది ఆటలమ్మ వైరస్ వల్ల వచ్చేది, లైంగిక వ్యాధి కాదు. నడుము మీద సర్పి వచ్చిన పెద్దాయన చీటీ చూసి ఇంట్లోవారు అనుమానపడడం మేము ఎరుగుదుము.

వైరస్ సోకిన 2 నుండి 12 రోజులలో మొదట మంట, దురద, ఆపైన గుంపుగా చిన్న నీటి పొక్కులు వస్తాయి. అవి చిట్లి నొప్పి పెట్టే పుండ్లవుతాయి. మూత్రం పోసేటప్పుడు మంట, గజ్జల్లో బిళ్ళలు కట్టడం, జ్వరం, ఒళ్ళునొప్పులు ఉండవచ్చు. మందు వాడకపోతే మొదటిసారి పుండ్లు మానడానికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. కానీ ఇలా స్పష్టంగా బయటపడేది కొద్దిమందిలోనే. ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు, లేదా ఏదో చిన్న గీరుడులా వచ్చి పోతుంది. మన ఇళ్ళలో దానికి పేరు 'వేడి చేసింది'. సబ్జా నీళ్ళు, మజ్జిగ తాగుతారు. వారంలో తగ్గిపోతుంది. మజ్జిగ గుణమే అనుకుంటారు గాని, అది దానంతట అదే తగ్గేది.

తగ్గినా వైరస్ ఒంట్లోనుండి పోదు. వెన్నెముక అడుగు భాగంలోని నరాల ముడులలో దాగి ఉంటుంది. నెలల తరువాత, ఒక్కొక్కసారి సంవత్సరాల తరువాత, జ్వరం వచ్చినప్పుడో, ఒంట్లో శక్తి తగ్గినప్పుడో, కొందరిలో నైట్ షిఫ్టుల అలసటలోనో అదే నరం వెంట తిరిగి చర్మం మీదికి వస్తుంది. కాబట్టి ఈ నెలలో మొదటిసారి పుండు కనిపించినంత మాత్రాన ఈ నెలలోనే సోకినట్టు కాదు. ఎప్పుడు సోకింది, ఎవరి నుండి ఎవరికి వచ్చింది అన్నది చాలాసార్లు ఏ డాక్టరూ చెప్పలేరు. భార్యకు ముందు బయటపడినంత మాత్రాన ఆమెదే తప్పనడం, భర్తకు ఏమీ లేదు గనుక అతనికి లేదనడం, రెండూ పొరపాటే. ఏ లక్షణమూ లేనివారి నుండి కూడా ఇది సోకుతుంది.

ఇక ఆ రిపోర్టు సంగతి. గర్భస్రావం జరిగినప్పుడు చాలాచోట్ల 'టార్చ్' అనే రక్తపరీక్ష రాస్తారు. అందులో హెర్పిస్ కూడా ఒకటి. ఐజీజీ పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు వైరస్ సోకిందని మాత్రమే అర్థం. మొదటి రకానికి పాజిటివ్ వస్తే అది చిన్ననాటి మూతి పొక్కులదే కావచ్చు. ఐజీఎం పాజిటివ్ వస్తే 'కొత్తగా సోకింది' అని చెబుతారు గాని, హెర్పిస్ విషయంలో ఆ పరీక్ష నమ్మదగినది కాదు. పాత జబ్బు తిరగబెట్టినప్పుడూ అది పాజిటివ్ రావచ్చు. అత్తగారింటివారు ఈ ఒక్క కాగితం పట్టుకొని అమ్మాయి నడవడిని తేల్చడం మాకు ఎంతో బాధ కలిగిస్తున్నది. లక్షణాలు లేనివారికి ఈ రక్తపరీక్ష చేయవద్దని అమెరికా నిపుణుల బృందం కూడా 2023లో మరల చెప్పింది. పెళ్ళికి ముందు చేయించే పరీక్షలలో దీనిని చేర్చవద్దని మా సలహా. పుండు ఉన్నప్పుడే వస్తే, ఆ పుండు నుండి నీరు తీసి చేసే పి.సి.ఆర్. పరీక్షే సరియైనది.

మందు ఉన్నది. ఎసైక్లోవిర్, వాలాసైక్లోవిర్ మాత్రలు వైరస్‌ను పూర్తిగా తీసివేయవు గాని పుండ్లను త్వరగా మాన్పుతాయి. మొదటిసారి 7 నుండి 10 రోజులు వాడాలి. తిరగబెట్టినప్పుడు తిమ్మిరి, చురుకు మొదలైన మొదటి రోజే వేసుకుంటే గుణం ఎక్కువ. ఎసైక్లోవిర్ అమెరికాలో గెర్ట్రూడ్ ఎలియన్ బృందం నుండి వచ్చింది. ఆమె, ఆమె గురుతుల్యుడు జార్జి హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఉన్నారు. ఆ హిచింగ్స్ హార్వర్డ్‌లో చదివిన విభాగంలోనే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పనిచేశారని మన పిల్లలు తెలుసుకుంటే బాగుంటుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే, స్టెరాయిడ్ కలిసిన దురద క్రీములు మాత్రం పూయవద్దు. వాటితో పుండ్లు ఎక్కువవుతాయి. ఎసైక్లోవిర్ ఆయింటుమెంటు వల్ల కూడా ఇక్కడ పెద్దగా లాభం లేదు.

పుండ్లు ఉన్నన్నాళ్ళు, చురుకు మొదలైననాటి నుండే, దంపతులు దూరంగా ఉండాలి. మిగిలిన రోజులలో నిరోధ్ వాడితే సోకే అవకాశం తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. ప్రతిరోజూ వాలాసైక్లోవిర్ వేసుకుంటే జీవిత భాగస్వామికి సోకడం దాదాపు సగానికి తగ్గిందని 2004లో వెలువడిన పరిశోధన చూపింది. మాటిమాటికీ తిరగబెట్టేవారికి కూడా ఈ పద్ధతి మంచిది. రెండవ రకం ఉన్నవారికి హెచ్.ఐ.వి. సోకే ప్రమాదం సుమారు మూడు రెట్లు ఎక్కువ గనుక ఆ పరీక్ష, సవాయి పరీక్ష తప్పక చేయించుకోవాలి.

గర్భిణీలు దీనిని దాచకూడదు. ముందునుండే ఉన్న తల్లి నుండి బిడ్డకు కాన్పులో సోకేది నూటికి ఒకరికంటే తక్కువ. నెలలు నిండే సమయంలో కొత్తగా సోకితే మాత్రం నూటికి 30 నుండి 50 మంది బిడ్డలకు సోకవచ్చు. పసివారిలో అది ప్రాణాంతకం. ముందే చెబితే 36వ వారం నుండి మాత్రలు ఇస్తాము. నొప్పుల సమయంలో పుండ్లుంటే ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తాము. మూతి మీద పొక్కులున్న బంధువులెవరైనా సరే, పసిబిడ్డను ముద్దు పెట్టుకోవద్దు.

హాస్టల్ బాత్‌రూములు, ఆఫీసు టాయిలెట్లు, దుప్పట్ల వల్ల ఇది రాదు.

"పాస్టరుగారికి తెలుస్తుందేమో" అని మన సంఘస్థులే మా దగ్గరకు రాకుండా మానుకుంటున్నారని విన్నాము. మీ జబ్బు వివరాలు మీ అనుమతి లేకుండా పాస్టరుగారికే కాదు, మీ ఇంట్లోవారికి కూడా చెప్పము. ఓ.పి. చీటీ దగ్గర 'చర్మ సమస్య' అంటే చాలు. ఖర్చుకు వెనుకాడేవారు ప్రభుత్వ పెద్దాసుపత్రులలోని సురక్ష క్లినిక్‌లకు వెళ్ళవచ్చు. అక్కడ పరీక్ష, మందులు ఉచితం. ఎక్కడికి వెళ్ళినా పుండు మానకముందే వెళ్ళండి, వీలైతే ఇద్దరూ కలిసి వెళ్ళండి.